నడిమధ్యన పట్టాభిషేకం: శ్రీకాళహస్తి వ్రాతపనిలో కూర్పు, సంకేతం

శ్రీకాళహస్తి వ్రాతపని గుడ్డ మీద రామాయణాన్ని చూసేవారి కంటికి మొదట కనిపించేది కథ ముగింపు. గుడ్డకు నట్టనడుమ, మిగతా గళ్లన్నిటికంటే ఎన్నో రెట్లు పెద్దదైన చోటులో, సీతాసమేతుడైన రాముడు సింహాసనం మీద కొలువుదీరి ఉంటాడు. దశరథుడి యాగం, తాటక వధ, శివధనుర్భంగం వంటివన్నీ చుట్టూ ఉన్న వరుసల్లో చిన్న చిన్న గళ్లలో సర్దుకుంటాయి. కాలక్రమంలో చివర రావాల్సింది స్థలక్రమంలో నడిమికి వచ్చి కూర్చుంది. ఈ కళలోని కూర్పు అంతా ఈ ఒక్క నిర్ణయం చుట్టూ అల్లుకున్నదే. ఆ గుడ్డ ముందు కూర్చున్న భక్తుడికి కథ ముందే తెలుసు. ఏం జరుగుతుందోనన్న ఆత్రుత అతనికి లేదు. రాముడు రాజు కావడం ఎప్పటికీ నిలిచి ఉండే సత్యం. అడవులు, యుద్ధాలు, ఎడబాట్లు దాని చుట్టూ జరిగిన సంగతులు. చిత్రకారుడు ఆ నమ్మకాన్నే కొలతలుగా మార్చి గుడ్డ మీద పంచిపెట్టాడు.

తిరుపతికి తూర్పున సుమారు 36 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తి ఉంది. నిన్నమొన్నటి దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, 2022 నుంచి తిరుపతి జిల్లాలో చేరింది. పంచభూత లింగాల్లో వాయులింగం ఇక్కడిది. ఆ గుడి నీడనే ఈ చేతిపని పెరిగింది. కలంతో గుడ్డ మీద రాసే పని కనుక స్థానికంగా దీన్ని వ్రాతపని అన్నారు. కలంకారీ అన్న పేరు పారశీకం నుంచి వచ్చి ఇప్పుడు లోకమంతా స్థిరపడింది. ఈ గుడ్డలు ఉత్సవాల్లో దేవుడి వెనక తెరగా, మండపానికి అలంకారంగా వేలాడేవి. చూపిస్తూ కథ చెప్పుకోవడానికీ పనికివచ్చేవి.

ఇదే పేరుతో కృష్ణా తీరంలో మరో సంప్రదాయం ఉంది. మచిలీపట్నం, పెడన పనివారు టేకు చెక్క మీద అచ్చులు చెక్కి, వాటితో లతలు, పువ్వులు, మామిడిపిందెలు అద్దుతారు. వారి సరుకు పారశీకానికీ ఐరోపాకూ ఓడలెక్కింది. కొనేవారి అభిరుచి అచ్చులోకి వచ్చింది, దేవుళ్ల బొమ్మలకు అక్కడ చోటు తక్కువ. కాళహస్తి గుడ్డకు గిరాకీ గుడిది. అందుకే ఇక్కడ పూలతీగ అంచుకే పరిమితమై, నడిమి నేలంతా మనుషులు, దేవతలు, కోతులు, రాక్షసులతో నిండింది. అచ్చు వేసేవాడు ఒకే బొమ్మను వందసార్లు దించగలడు. కాళహస్తి కలం పట్టినవాడికి ఆ వీలు లేదు. ఒకే గుడ్డ మీద రాముణ్ణి యాభైసార్లు గీయాల్సి వచ్చినా ప్రతిసారీ చేత్తో గీయాల్సిందే.

పెద్ద గుడ్డల్లో అమరిక దాదాపు స్థిరంగా ఉంటుంది. వెలుపల చుట్టూ పూలతీగల అంచు. లోపల పై నుంచి కిందకు అడ్డ వరుసలు. ప్రతి వరుసనూ నిలువుగా గళ్లుగా విడగొడతారు. నడుమ ఉన్న పెద్ద గడి ఈ వరుసల్లో చాలావాటిని మధ్యకు తెంచుతుంది, దానికి ఇరువైపులా కథ సాగుతుంది. గడి పక్కన, లేదా వరుస పొడుగునా సన్నని పట్టీలో తెలుగు అక్షరాలు ఉంటాయి. ఏ ఘట్టమో, ఎవరు ఎవరితో ఏమన్నారో అందులో ఉంటుంది. నల్లటి అక్షరాల పట్టీలు బొమ్మల వరుసల్ని ఒకదాని నుంచి ఒకటి వేరు చేసే గట్లుగా కూడా పనిచేస్తాయి. అక్షరాన్నీ ఆకారాన్నీ గీసేది ఒకే కలం, ఒకే నలుపు. తెలుగు లిపిలోని గుండ్రదనమే భుజాల వంపులోనూ కనుకొలకుల్లోనూ కనబడుతుంది. బొమ్మకూ రాతకూ మధ్య ఇంత దగ్గరితనం కొద్ది కళల్లోనే ఉంటుంది.

నడిమి గడిని దగ్గరగా చూడాలి. రాముడు ఒక కాలు మడిచి, ఒక కాలు కిందకు వదిలి కూర్చుంటాడు. ఎడమ పక్కన సీత. వెనక తమ్ముళ్లు గొడుగు, వింజామరలు పట్టి నిలబడతారు. పాదాల దగ్గర హనుమంతుడు. పక్కల వసిష్ఠాది మునులు, వానర వీరులు, విభీషణుడు. పైన తోరణం, దానికి అటూ ఇటూ స్తంభాలు. గుడిలో గర్భగృహ ద్వారం ఎలా ఉంటుందో ఈ గడి చట్రం అలాగే ఉంటుంది. తోరణం శిఖరం నుంచి గొడుగు మీదుగా రాముడి కిరీటం, ఛాతీ, పాదం దాకా ఒక నిలువు గీత ఊహించుకుంటే, బొమ్మ మొత్తం ఆ గీతకు అటూ ఇటూ సరితూగుతుంది. ఈ గడిలో ఎవరూ నడవరు, ఎవరూ తొందరపడరు. ముఖ్యుడు పెద్దగా, పరివారం చిన్నగా, పాదాల దగ్గరివారు మరింత చిన్నగా ఉంటారు. ఎవరు దూరంగా ఉన్నారో ఎవరు దగ్గరగా ఉన్నారో చెప్పే కొలత కాదిది. ఎవరి స్థానం ఏదో చెప్పే కొలత.

చుట్టూ వరుసల్లోకి రాగానే ఈ నిలకడ చెదిరిపోతుంది. అక్కడ మనుషులు పక్కకు తిరిగి ఉంటారు, చేతులు చాస్తారు, విల్లు లాగుతారు, రథాలు పరుగెడతాయి. ఒక గడిలో వెళ్లిపోతున్న రాముడు పక్క గడిలో వచ్చేసి ఉంటాడు. రెండు ఘట్టాల నడుమ హద్దుగా ఒక్కోసారి స్తంభం, ఒక్కోసారి చెట్టు. చెట్టు కనబడితే అడవి, స్తంభం కనబడితే నగరం అని చూపు తనంతట తానే నేర్చుకుంటుంది. ఖాళీ మిగిలితే అక్కడొక పువ్వో, చిలకో, ఆకుల గుత్తో వచ్చి కూర్చుంటుంది. గాలి ఆడటానికి చోటు లేనంత నిండుగా ఉండే ఈ వరుసల్ని కొందరు పండితులు అలంకార మోజుగా తీసిపారేశారు. అది సరైన తీర్పు కాదు. చుట్టూ ఇంత రద్దీ ఉంటేనే నడుమ కొలువైన మూర్తి నిశ్చలత కంటికి తగులుతుంది. రద్దీని తగ్గిస్తే ఆ నిశ్చలత కూడా సడలిపోతుంది.

మహాభారత గుడ్డల్లో ఈ నడిమి చోటు చాలాసార్లు గీతోపదేశానిది. అక్కడ చిత్రకారుడికి ఒక చిక్కు ఉంది. పట్టాభిషేకం ముగింపు. గీతోపదేశం యుద్ధానికి ముందు ఘట్టం, పైగా రథం అంటేనే కదలిక. అయినా రథాన్ని ఆపి, గుర్రాల్ని అలంకారంగా నిలిపి, కృష్ణార్జునుల్ని ఎదురెదురుగా పెట్టి, ఆ క్షణాన్ని కూడా నిశ్చల మూర్తిగా మార్చేస్తారు. నడిమి చోటుకు అర్హత కథలో ఎప్పుడు వచ్చిందన్న దాన్ని బట్టి రాదు, ఏది నిలిచి ఉంటుందన్న దాన్ని బట్టి వస్తుందని ఇక్కడ తేటతెల్లమవుతుంది.

ఈ పద్ధతి ప్రత్యేకత పూర్తిగా పట్టుబడాలంటే, అదే యుగంలో మరో ఖండంలో భక్తి చిత్రాల్ని ఎలా కూర్చారో చూడటం మేలు. ఆ చిత్రాలు ఈ సీమకు మరీ దూరమైనవి కూడా కావు. శ్రీకాళహస్తికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని చంద్రగిరి నుంచి అరవీటి వేంకటపతిరాయలు పాలిస్తున్న రోజుల్లో, 1598–99 ప్రాంతంలో జెసూట్ పాదిరీలు అతని ఆస్థానానికి వచ్చారు. రాజుకు చిత్రాలంటే మక్కువ. కొలువు వేలూరుకు మారాక బర్తొలొమెయో ఫోంతెబోనా అనే ఇటలీ జెసూట్ చిత్రకారుడు కూడా అక్కడ ఉన్నాడు. జెసూట్లకు బొమ్మ ఒక ముఖ్య బోధన సాధనం. 1593లో ఆంట్వెర్ప్‌లో వెలువడిన జెరోమ్ నాదాల్ సువార్త చిత్రాల పుస్తకంలో 153 రాగిరేకు ముద్రలున్నాయి. ఒక్కో చిత్రంలో అనేక సంఘటనల్ని పెట్టి, ఒక్కోదానికి ఒక్కో అక్షరం గుర్తు వేసి, ఆ అక్షరానికి కింద వివరణ ఇచ్చారు. కాళహస్తి గుడ్డలో బొమ్మకూ అక్షరాల పట్టీకీ ఉన్న పొత్తు లాంటిదే ఇదీ. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని చెప్పడానికి కాదు ఈ పోలిక. ఒకే చిక్కును రెండు చోట్ల ఎలా విప్పారో చూడటానికి.

ఇంకో నలభై ఏళ్లకు అదే ఆంట్వెర్ప్‌లో చెక్క అచ్చు చిత్రం తన పూర్తి బలానికి చేరుకుంది. 1630లలో చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ తన కూర్పుల్ని క్రిస్తొఫెల్ యెగెర్ అనే చెక్కుడు పనివాడి చేత చెక్క మీద చెక్కించాడు. వాటిలో ఒకటి మరియమ్మ కిరీటధారణ. మూలం ఆంట్వెర్ప్ జెసూట్ చర్చి పైకప్పు కోసం రూబెన్స్ వేసిన కూర్పు. తండ్రి, కుమారుడు కలిసి మరియమ్మకు కిరీటం పెడుతుంటారు, పవిత్రాత్మ పావురమై పైన ఉంటుంది, కింద మేఘాలు. పైకప్పు బొమ్మ కనుక కింది నుంచి తలెత్తి చూసినట్టే ఆకారాలు ఉంటాయి. యెగెర్ చెక్కిన గీతలు ఒంటి వంపు వెంట ఉబ్బుతూ సన్నబడుతూ వెలుగునీడల్ని పుట్టిస్తాయి.

ఇదీ పట్టాభిషేకమే. కానీ అక్కడ పట్టింది కిరీటం తల మీదకు దిగుతున్న ఆ ఒక్క క్షణాన్ని. చేతులు చాచి ఉన్నాయి, బట్టలు గాలికి ఎగురుతున్నాయి, వెలుగు ఒక పక్క నుంచి పడుతోంది. కాళహస్తి గుడ్డలో రాముడి తల మీద కిరీటం ఎప్పటి నుంచో ఉన్నట్టే ఉంటుంది. పెట్టే చేతులు కనబడవు. వెలుగు ఏ దిక్కు నుంచీ రాదు, అందుకే నీడ కూడా లేదు. బరోక్ చిత్రం చూసేవాణ్ణి సంఘటనకు సాక్షిగా నిలబెడుతుంది, కాళహస్తి గుడ్డ అతణ్ణి సన్నిధిలో కూర్చోబెడుతుంది. రెండూ భక్తికే పుట్టాయి, భక్తుడి నుంచి కోరేది మాత్రం వేరు.

కాళహస్తి కలం కదలికను పట్టలేదనుకుంటే పొరపాటు. ఆ ఊరి సొంత కథ అందుకు సాక్ష్యం. సాలెపురుగు, పాము, ఏనుగు శివుణ్ణి కొలిచి ముక్తి పొందిన కథ ఊరి పేరులోనే ఉంది. తిన్నడనే బోయ కన్నప్ప అయిన కథ గుడి పక్కన కొండ మీద ఉంది. 16వ శతాబ్దంలో ధూర్జటి ఈ కథలన్నిటినీ శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంగా కావ్యం చేశాడు. కన్నప్ప బొమ్మలో లింగం ఒక పక్క, బోయవాడు మరో పక్క. లింగం కంట నెత్తురు కారుతుంటే తిన్నడు తన కన్ను పెకలించి పెట్టాడు. రెండో కన్నూ కారుతోంది. తన రెండో కన్ను తీశాక చోటు కనబడదు కనుక, గుర్తుగా చెప్పుకాలిని లింగం మీద ఆనించి, బాణపు మొనను కంటికి పెట్టుకున్నాడు. ఆ కాలి నుంచి బాణం దాకా ఒక ఏటవాలు గీత బొమ్మనంతా కోసుకుంటూ పోతుంది. లింగం నిలువుగా, నిశ్చలంగా ఉంటుంది, దాని మీదకు మనిషి వాలి ఉంటాడు. శాస్త్రం ప్రకారం మహాపరాధమైన ఆ పాదస్పర్శ మీదే బొమ్మ బరువంతా ఆనుతుంది. శివుడి చేయి అడ్డుపడటం ఆ ఏటవాలును ఆపుతుంది. అంతటి తీవ్రతను నీడలు, వెలుగులు లేకుండా, ఒక్క అవుట్‌లైన్‌తో సాధించడం చిన్న విషయం కాదు.

రంగుల్లోని సంకేతాలు మొదటి చూపుకే అందుతాయి. విష్ణువు, రాముడు, కృష్ణుడు నీలం. హనుమంతుడు ఆకుపచ్చ. స్త్రీల ఒళ్లకు, నగలకు పసుపు. రాక్షసులకు ఎరుపు. పాత గుడ్డల్లో నేల కూడా తరచు ఎరుపే. ఎర్రటి నేల మీద ఎర్రటి రాక్షసుడు నల్లటి గీత బలంతోనే నిలవాలి, నీలి రాముడు మాత్రం దూరం నుంచే విడిగా కనబడతాడు. కిక్కిరిసిన యుద్ధం గడిలో కూడా రాముణ్ణి వెతుక్కోనక్కర్లేదు. ఈ రంగుల వెనక పురాణం ఎంత ఉందో అద్దకం పని కూడా అంతే ఉంది, ఆ పని తీరు తెలియకుండా కూర్పు అర్థం కాదు.

ముందు గాడా గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. చింతబొగ్గుతో బొమ్మకు గుర్తులు పెట్టుకుంటారు. తర్వాత అసలు గీత. వెదురుపుల్ల కొన చెక్కి, కొనకు కాస్త పైన ఉన్నో గుడ్డపీలికో చుట్టి దారంతో కడితే కలం. ఆ చుట్టును సిరాలో ముంచి, గీస్తూ వేళ్లతో నొక్కుతుంటే సిరా కొనకు దిగుతుంది. సిరా పేరు కసిం. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెడితే తయారవుతుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే ఇనుము, వగరు కలిసి నల్లబడిపోతాయి. చెరిపే వీలు లేదు. బొగ్గు గుర్తు తప్పితే దులిపేయవచ్చు, కసిం గీత తప్పితే గుడ్డ ఉన్నంత కాలం ఆ తప్పు ఉంటుంది. కన్ను, ముక్కు, వేలి కొన ఒక్క విసురులో వచ్చేలా చేయి తిరగడానికి ఏళ్లు పట్టేది అందుకే.

ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు రాస్తారు. దానికి తనదంటూ రంగు లేదు. ఆరాక పారే నీళ్లలో ఉతికి, మిగులు పటికను వదిలించి, చిరివేరు, మంజిష్ఠ, సురుడు చెక్క వంటివాటితో ఉడకబెడితే పటిక ఉన్న చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. అంటే చిత్రకారుడు ఎరుపును కనబడకుండానే రాస్తాడు. ఉడికాక గాని తన బొమ్మ ఎలా వచ్చిందో తెలియదు. పటిక లేని చోట అంటిన మాపును పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరబెట్టి పోగొడతారు. మళ్లీ పాలు పట్టించి పసుపు, ఆపైన నీలిమందు. పసుపు మీద నీలం పడ్డ చోట ఆకుపచ్చ. ఈ క్రమమే కూర్పును శాసించింది. నలుపు, ఎరుపు ముందే స్థిరపడతాయి కనుక గుడ్డ ఎముకల గూడంతా వాటిదే, నీలం చివర్లో వచ్చి దేవుణ్ణి వేరు చేసి చూపిస్తుంది. స్వర్ణముఖిలో నీళ్లు పారే రోజులూ, ఇసుక తేలే రోజులూ కూడా ఈ పనికి లెక్కే. ఉతుకు సరిగా పడకపోతే ఎరుపు మసకబారుతుంది.

ముఖాల తీరు చూస్తే లేపాక్షి గుడి కప్పు చిత్రాలు గుర్తుకొస్తాయి. విజయనగర కాలం నాటి ఆ బొమ్మల్లోని కొనదేలిన ముక్కులు, పెద్ద కళ్లు, చీరల మీది అద్దకపు నమూనాలు, పొడుగాటి పట్టీల్లో సాగే కథలు, అన్నీ కాళహస్తి గుడ్డల్లోకి కూడా నడిచి వచ్చాయి. గోడ మీది బొమ్మ గుడిని వదిలి కదలలేదు. గుడ్డ మీది బొమ్మను చుట్టచుట్టి ఉత్సవానికి ఉత్సవానికి మోసుకుపోవచ్చు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1880ల నాటి ఒక పెద్ద రామాయణ గుడ్డ ఉంది. నడుమ పట్టాభిషేకం, చుట్టూ తెలుగు పట్టీలతో వరుసలు. గీసినవాడి పేరు పంచకళ్ల పెద్ద సుబ్బరాయుడు. ఊరూ పేరూ లేకుండా పోయిన వందలాది కలాల మధ్య ఒక్కడి పేరైనా మిగలడం మన అదృష్టం. ఆ తర్వాత మిల్లు గుడ్డ, రసాయనిక రంగులు, తగ్గిపోయిన గుడి ఆదరణ కలిసి ఈ పనిని దాదాపు ఆపేశాయి. 1950ల చివర కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం తెరిచారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ గురువుగా కొత్త తరానికి కలం పట్టించారు. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. క్రీస్తు జీవితాన్ని కూడా ఇక్కడి కలాలు గీశాయి. ఆ కథలోనూ మనుషులకు ఇవే పెద్ద కళ్లు, ఇవే నల్లని గీతలు.

2005–06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు పనిలో ఎక్కువ భాగం చీరలు, దుపట్టాలు. పాత కూర్పు అక్కడ కొత్త చోట్లు వెతుక్కుంది. చీర అంచు గుడ్డ అంచు పని చేస్తుంది, కథ వరుసల స్థానంలో పూలో చిలకలో వచ్చాయి, నడిమి గడి పైటకొంగుకు జరిగింది. రాధాకృష్ణులో, పట్టాభిషేకమో కొంగు మీద పెద్దగా నిలబడుతుంది. అక్షరాల పట్టీ మాత్రం చీర మీదకు రాలేదు. దానికి ఇప్పటికీ గోడకు వేలాడే గుడ్డే చోటు. ఆ పట్టీలు రాయడానికి గీత వచ్చినవాడికి కథ కూడా వచ్చి ఉండాలి.